విద్యార్థికి 125 రూపాయలు



కాళిదాస కావ్యములకు సంజీవనీ వ్యాఖ్య రచించిన మల్లినాథసూరికి స్వగ్రామముగా తరతరములుగా చెప్పుకొనుచున్న ఈ కుల్చారమున, ఉపాధ్యాయవృత్తిని స్వీకరింపనున్న మీతో మాటలాడు భాగ్యము నాకు కలిగినది. మూలము లేనిదేదియు వ్రాయననియు, అవసరము కానిది పలుకననియు ఆ మహాపండితుడు వ్యాఖ్యారంభమున ప్రతిజ్ఞ చేసెను. విద్యాపరిశోధనకు ఇంతకు మించిన నియమమును నేనెరుగను.

పరిశోధన యనగానే కోట్ల ధనమును తలచుట మనకు వాడుక. కాని కొందరు పరిశోధకులు ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2005-06, 2006-07 విద్యాసంవత్సరములలో, గ్రామములందలి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో 100 బడులను యాదృచ్ఛికముగా ఎన్నుకొని, మరి 100 బడులను సరిపోల్చుటకై నిలిపి, విద్యార్థికి ఏటికి సుమారు 125 రూపాయల చొప్పున నిధి యొసగి, దానిని గోడలకును కప్పులకును గాక పిల్లల చేతికందు వస్తువులకే వ్యయింపవలెనని విధించి, ఏమి కొనవలయునో నిర్ణయించు స్వాతంత్ర్యమును ఉపాధ్యాయులకే విడిచిరి. నోటుపుస్తకములు, అభ్యాసపుస్తకములు, పలకలు, సుద్దముక్కలు వచ్చినవి. తొలియేడు అది ఎదురుచూడని సాయము. గణితమునను తెలుగునను మార్కులు పెరిగినవి. మలియేడు నిధి వచ్చునని తెలిసిన తల్లిదండ్రులు బడిసామగ్రికై తాము చేయు ఖర్చును తగ్గించుకొనిరి. క్రొత్త లాభము కనబడలేదు.

ఆ తల్లిదండ్రులను నేను నిందింపజాలను. కూలిడబ్బులలో పుస్తకమునకై తీసియుంచినది మిగిలినచో మందులకో, ఇంటి వెచ్చములకో మరలించుట గృహస్థధర్మమే. ఆ పరిశోధకులైన కార్తీక్ మురళీధరన్ ప్రభృతులు 2013లో ఈ ప్రయోగఫలితమును ప్రకటించిరి. మొదటి యేటితోనే లెక్క ముగించియుండినచో నిధి జయించెనని దేశమెల్ల చాటియుండెడివారము! ఇంటింటి ఖర్చును అడిగి వ్రాసికొని రెండవయేడును వేచియుండిన ఓర్పు వలననే సత్యము తెలిసినది.

కనుక ప్రభుత్వమునకును విశ్వవిద్యాలయములకును గ్రామదాతలకును నా విన్నపము: పల్లెబడిలోని ఉపాధ్యాయునికి ఒక్క ప్రశ్నకు సరిపడు చిన్న నిధిని, రెండేండ్లకు తగ్గకుండ, ఇయ్యుడు, లెక్కలు కచ్చితముగా అడుగుడు, కాని ఫలింపని ప్రయోగమునకు దండింపకుడు.

స్నాతకులారా, తీసివేత లెక్కలో పక్కయింటి పదిని అప్పు తెచ్చుకొనునపుడు మూడవ తరగతి బాలిక ఎందుకు తడబడుచున్నదో మీకంటె దగ్గరగా చూడగలవారు లేరు. ఆమె పలకపై వేసిన అంకెలను చెరిపివేయక మునుపే మీ పుస్తకమున ఎక్కించుకొనుడు. అట్టివి పది కూడినపుడు, ఆ ప్రశ్నతోను ఖర్చుల పట్టికతోను మండల విద్యాధికారి వద్దకు దరఖాస్తు పట్టుకొని పొండు.