ల్యాప్‌టాప్‌కు అదనపు వేగం: లాభమెంత?

(ప్రసంగ పాఠం)

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో బోరుబావి కింద సేద్యం చేసే రైతులకు ఒక అనుభవం ఉన్నది. బోరులో ఊట స్వల్పం. మూడు హార్స్‌పవర్ మోటరు దింపినంతకాలం ధార సన్నగానే అయినా ఆగకుండా పోస్తుంది. పక్క చేనులో పెద్ద ధార చూచి, తానూ ఐదు హార్స్‌పవర్ మోటరు దింపుతాడు. మొదటి పావుగంట నీరు పుష్కలంగా దూకుతుంది. తరువాత బావిలో మట్టం పడిపోతుంది, పైపు బుసకొట్టి గాలి విడుస్తుంది. ఇక మోటరు ఆపి, ఊట ఊరేదాకా గట్టు మీద కూర్చోవలసిందే. అటువంటి బోరును 'ఆగి పోస్తున్నది' అంటారు. సాయంత్రం తడిసిన మళ్లు లెక్కపెట్టి చూస్తే చిన్న మోటరు తడిపినవానికంటె ఎక్కువ ఏమీ ఉండవు. ఒక్కొక్కప్పుడు తక్కువే ఉంటవి. ఈనాటి నా ప్రసంగ విషయం బోరుబావి కాదు, ల్యాప్‌టాప్ కంప్యూటరు. అయినప్పటికీ ఆ మోటరును మనస్సులో ఉంచుకొని వినవలసిందిగా శ్రోతలను కోరుతున్నాను. నేను చెప్పబోయే దానిలో సగం అందులోనే ఉన్నది.

ఇంజనీరింగులోనో డిగ్రీలోనో చేరిన పిల్లలకు ల్యాప్‌టాప్ కొనియిచ్చిన ఇండ్లు నేడు ఈ ప్రాంతంలో పల్లెపల్లెనా ఉన్నవి. కొనేటప్పుడు పిల్లవాడు పట్టుబట్టి 'గేమింగ్ ల్యాప్‌టాప్' అనే రకాన్ని ఎన్నుకొంటాడు. ఎందుకని తండ్రి అడిగితే, చదువుకు కావలసిన సాఫ్ట్‌వేర్ దీనిమీదనే చక్కగా నడుస్తుందని సమాధానం వస్తుంది. ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు. తెర మీది బొమ్మలకు కావలసిన లెక్కలు చేయడానికి ఇందులో గ్రాఫిక్స్ చిప్పు అని వేరొకటి ఉంటుంది. కట్టడాల నమూనాలు గీయడానికి, వీడియోలు కూర్చడానికి అది నిజంగానే పనికివస్తుంది. పూర్తిగా నిజమూ కాదని తండ్రికి తెలుసు. అరవై వేల రూపాయలకు లోపు దొరకడం అరుదు. లక్ష దాటినవీ ఉన్నవి. యాసంగి వడ్లు అమ్మిన సొమ్ములోనుంచి తీసియో, నెలవారీ వాయిదాల మీదనో ఆ పైకం కట్టి ఉంటారు.

ఏడాది తిరిగేసరికి కొత్తగా వచ్చిన ఆటలు దాని మీద కొంత మందగించి నడుస్తవి. అప్పుడు దిల్‌సుఖ్‌నగర్ హాస్టలులోని మిత్రుడెవరో ఒక ఉపాయం చెబుతాడు. తయారుచేసినవారు నిర్ణయించిన వేగాన్ని మించి చిప్పును నడిపించవచ్చును; పైసా ఖర్చు లేదు. దీనికే ఓవర్‌క్లాకింగ్ అని పేరు. ఇది చేయదగిన పనియేనా అన్నది ప్రశ్న.

కంప్యూటరులోని ప్రాసెసరు ఒక తాళానికి లోబడి పనిచేస్తుంది. చిరుతల భజనలో గురువు తాళాన్ని బట్టి అందరి అడుగులూ పడినట్లే, ఇక్కడ ఒక స్ఫటికం వేసే తాళాన్ని బట్టి కోట్లకొలది సూక్ష్మమైన మీటలు తెరుచుకొని మూసుకొంటవి. సెకనుకు పది కోట్ల దెబ్బలు గల మూలతాళాన్ని ఒక గుణకంతో హెచ్చించి ప్రాసెసరు తన వేగాన్ని ఏర్పరచుకొంటుంది. గుణకం 40 అయితే సెకనుకు 400 కోట్లు; దానినే 4 గిగాహెర్ట్జ్ అంటారు. ఆ గుణకాన్ని 42కో 44కో మార్చడమే ఓవర్‌క్లాకింగ్‌లోని కిటుకు. తాళం వేగమైనప్పుడు అడుగు తప్పకుండా ఉండడానికి తరచుగా విద్యుత్ పీడనాన్ని, అనగా వోల్టేజిని, కొంచెం పెంచవలసి వస్తుంది. చిక్కు అంతా అక్కడనే ఉన్నది.

ఈ విద్యకు గొప్ప రోజులు లేకపోలేదు. 1998లో ఇంటెల్ కంపెనీ సెలరాన్ 300ఎ అనే చౌక ప్రాసెసరును విడుదల చేసింది. దాని వేగం 300 మెగాహెర్ట్జ్. మూలతాళాన్ని 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు మార్చితే అదే చిప్పు 450 మీద చక్కగా నడిచింది. ఒకటిన్నర రెట్ల వేగం ఊరకనే దొరికింది. ఎంతోకొంత ఖరీదైన ప్రాసెసరుతో సమానంగా పనిచేసింది. ఆ ముచ్చటే ఇప్పటికీ ఒక మిత్రుని నుంచి మరొక మిత్రునికి చేరుతున్నది. అయితే అది బల్ల మీద పెట్టే పెద్ద పెట్టె కంప్యూటరు. లోపల చేయి పెట్టి తిప్పగలిగినంత ఖాళీ ఉండేది. పైగా ఆనాడు తయారీదారు విడిచిపెట్టిన మిగులు ఎక్కువ.

ఈనాడు ఆ మిగులును తయారీదారే వాడుకొంటున్నాడు. 2008లో ఇంటెల్ కోర్ ఐ7 ప్రాసెసర్లతో టర్బో బూస్ట్ అనే ఏర్పాటు వచ్చింది. చిప్పు చల్లగా ఉన్నంతసేపు తన వేగాన్ని తానే పెంచుకొంటుంది. ల్యాప్‌టాప్‌లలో విరివిగా అమ్ముడైన కోర్ ఐ5-12450హెచ్ అనే రకాన్ని తీసుకొందాము. దాని మూలవేగం 2 గిగాహెర్ట్జ్, గరిష్ఠ వేగం 4.4 గిగాహెర్ట్జ్. నిలకడగా నడవడానికి కంపెనీ పేర్కొన్న విద్యుత్తు 45 వాట్లు. ఉరుకులో 95 వాట్లు. అంటే దుకాణంలో పెట్టె విప్పక మునుపే ఆ యంత్రం మూలవేగానికి రెండింతలకు పైగా పరుగెత్తడానికి సిద్ధపడి ఉన్నది. దానిని అడ్డగించేది వేడి ఒక్కటే. మరొక సంగతి కూడా చెప్పాలి. ఈ రకంలో గుణకాన్ని మార్చనీయకుండా కంపెనీయే తాళం వేసింది. మార్చడానికి వీలున్నవి ఖరీదైన కొన్ని రకాలు మాత్రమే. కాబట్టి చాలామంది పిల్లలు చేయగలిగేది గ్రాఫిక్స్ చిప్పు వేగాన్ని పెంచడమే.

ఇక వేడి లెక్క. చిప్పు ఖర్చుచేసే విద్యుత్తు వేగంతోపాటు పెరుగుతుంది. వోల్టేజితో అయితే దాని వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగాన్ని నూటికి పది, వోల్టేజిని నూటికి పది పెంచితే 1.1ని మూడుసార్లు హెచ్చించాలి: 1.331 వస్తుంది. పది పాళ్ల వేగం కోసం ముప్పైమూడు పాళ్ల వేడి! ఆ విద్యుత్తంతా చివరకు వేడిగానే మారి, వేలెడు మందం కూడా లేని పెట్టెలోనుంచి రెండు చిన్న ఫ్యానుల ద్వారా బయటికి పోవాలి.

ఎంత వేడి బయటికి పోగలదన్నది చిప్పుకూ గదిలోని గాలికీ మధ్యగల ఉష్ణోగ్రతా భేదం మీద ఆధారపడుతుంది. ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకు సాధారణంగా 100 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర హద్దు ఉంటుంది. గది 25 డిగ్రీలుంటే భేదం 75. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులను నల్లగొండవారు మరువలేదు. ఇక్కడ ఎండాకాలం మధ్యాహ్నం 43 డిగ్రీలు వింత కాదు. రేకుల కప్పు కింద చెప్పనే అక్కరలేదు. గది 43 ఉంటే భేదం 57 మాత్రమే. అనగా సుమారు నాల్గవ వంతు తగ్గింది. చల్లని గదిలో 80 వాట్ల వేడిని తోసివేయగలిగిన యంత్రం ఇక్కడ, అదే ఫ్యానుతో, 61 వాట్లే తోయగలదు. ఓవర్‌క్లాకింగ్ గురించి ఇంటర్నెట్‌లో సలహాలు చెప్పేవారిలో అనేకులు చలిదేశాలవారు. వారి గది వేరు, మన గది వేరు.

హద్దు తాకగానే చిప్పు ఏమి చేస్తుంది? తన వేగాన్ని తానే తగ్గించుకొంటుంది, చల్లబడ్డాక మళ్లీ పెంచుకొంటుంది. ఆట ఒక క్షణం జారిపోతూ, మరొక క్షణం తడబడుతూ సాగుతుంది. ఆగి పోసే బోరుకూ దీనికీ భేదం లేదు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి ఇరవైనాలుగు గంటల విద్యుత్తు ఇవ్వసాగినప్పుడు, ఆటోస్టార్టర్లను తీసివేయవలసిందిగా రైతులను కోరిన సంగతి శ్రోతలకు జ్ఞాపకం ఉండవచ్చును. కరెంటు ఎడతెగకుండా ఉన్నంత మాత్రాన ఊట ఎడతెగకుండా ఉండదు గదా!

లాభం ఎంతో కూడా చూద్దాము. గ్రాఫిక్స్ చిప్పు 1,800 మెగాహెర్ట్జ్ మీద నడుస్తున్నది. దానిని 1,900 చేశాము. పెంపు నూటికి ఐదున్నర. సెకనుకు 60 చిత్రాలు చూపుతున్న ఆట, అన్నీ కలిసివస్తే, 63 చూపుతుంది. 60 చిత్రాలు మాత్రమే చూపగల తెర అయితే ఆ మూడూ కంటికి చేరనే చేరవు. మంచి తెర ఉన్నా 60కీ 63కీ గల భేదాన్ని పక్కన కూర్చున్నవారు కనిపెట్టలేరు. ఆడుతున్నవాడు మాత్రం కనిపెట్టానంటాడు. ఆ సంతోషాన్ని నేను కాదనను.

నష్టం విషయానికి వస్తే, భయపెట్టడం నా ఉద్దేశం కాదు. గ్రాఫిక్స్ చిప్పు వేగాన్ని వోల్టేజి ముట్టకుండా కొంచెం పెంచినందువల్ల యంత్రం వెంటనే మాడిపోదు. మోతాదు మించితే తెర మీద చుక్కలు, గీతలు వస్తవి, లేదా ఆట ఆగిపోతుంది. సాధారణంగా మళ్లీ స్టార్టు చేస్తే పాత స్థితికి వస్తుంది. ప్రమాదం నెమ్మదిగా వచ్చేది. ఎక్కువ వోల్టేజి, ఎక్కువ వేడి ఏండ్ల తరబడి చిప్పును లోలోపల అరగదీస్తవి. పక్కనున్న బ్యాటరీకి కూడా వేడి పడదు. వోల్టేజి మాట ఎంత తీవ్రమైనదో 2024లో తయారీదారుకే అనుభవానికి వచ్చింది. తన పదమూడవ, పద్నాలుగవ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని, తమంతట తామే అవసరాన్ని మించిన వోల్టేజిని కోరుకోవడంవల్ల చెడిపోతున్నవని ఇంటెల్ కంపెనీ ఒప్పుకొని, వారంటీని రెండేండ్లు పొడిగించింది. చెడిన చిప్పును ఏ సవరణా తిరిగి బాగుచేయలేదు. అదృష్టవశాత్తు పెట్టె కంప్యూటరులో ప్రాసెసరును ఊడదీసి వేరొకటి పెట్టవచ్చును.

ల్యాప్‌టాప్‌లో ఆ వీలు లేదు. ఇక్కడ మోటరుకూ దీనికీ పోలిక తెగిపోతుంది. మోటరు కాలితే పట్టణంలో వైండింగ్ దుకాణం ఉన్నది. రాగితీగ మళ్లీ చుట్టి ఇస్తారు. రెండు మూడు రోజులు పైరు వాడినా పంట దక్కుతుంది. గేమింగ్ ల్యాప్‌టాప్‌లో ప్రాసెసరు, గ్రాఫిక్స్ చిప్పు రెండూ ప్రధాన పలక మీద టంకంతో అతికించి ఉంటవి. ఒకటి పోతే చాలావరకు పలకనంతా మార్చవలసి వస్తుంది. వారంటీ గడువు దాటినా, నిబంధన మీరినారని వారంటీని నిరాకరించినా ఆ ఖర్చు ఇంటివారిదే. నాలుగేండ్ల చదువుకు కొన్న యంత్రం రెండవ ఏట మూలబడితే, ప్రాజెక్టు పనికీ ఉద్యోగపరీక్షల అభ్యాసానికీ పిల్లవాడు ఇతరుల గదుల చుట్టూ తిరగవలసి వస్తుంది. మూడు చిత్రాల కోసం పందెంలో పెట్టినది ఇంత అని తెలిసి పెట్టడం వేరు, తెలియక పెట్టడం వేరు.

కాబట్టి నా అభిప్రాయం స్పష్టంగానే చెబుతున్నాను. ఈ ప్రాంతపు ఎండలలో, ఇంటికి ఒకటే అయిన ల్యాప్‌టాప్ మీద, ఈ పని లాభసాటి కాదు. పుష్యమాసపు రాత్రి గ్రాఫిక్స్ చిప్పు వేగాన్ని కొద్దిగా పెంచి, నేర్చుకోవాలనే కుతూహలంతో చూచే విద్యార్థిని మాత్రం నేను వారించను. చేతికి పాత పెట్టె కంప్యూటరు దొరికితే దాని మీద ఎంతైనా ప్రయోగం చేయవచ్చును. 2022 డిసెంబరులో 269 డిగ్రీల మైనస్ చలిగల ద్రవ హీలియంను పోసి ఒక ప్రాసెసరును 9 గిగాహెర్ట్జ్ దాటించినవారున్నారు. అది కుస్తీ పోటీవంటిది; చూడడానికి బాగుంటుంది.

వేగం నిజంగా కావలసినవారు వేడి వైపునుంచి రావాలి. వేగాన్ని అట్లే ఉంచి వోల్టేజిని నూటికి ఐదు తగ్గిస్తే, 0.95ను వర్గం చేస్తే 0.9025, దాదాపు పది పాళ్ల వేడి తగ్గుతుంది. ఒకే అచ్చులోని చిప్పులన్నీ సమానం కావు. నాసిరకం కూడా నడిచేటట్లు తయారీదారు వోల్టేజిని కొంత ఎక్కువగా నిర్ణయిస్తాడు, కనుక ఈ తగ్గింపును చాలా చిప్పులు సహిస్తవి. అయితే ప్రాసెసరులో ఈ వీలును అనేక ల్యాప్‌టాప్‌లలో మూసివేశారు. వోల్టేజిని తగ్గించి చిప్పులోని రహస్యాలను దొంగిలించే మార్గమొకటి ఉన్నదని 2019లో పరిశోధకులు బయటపెట్టారు. ప్లండర్‌వోల్ట్ అని దాని పేరు. గ్రాఫిక్స్ చిప్పుకు మాత్రం ఇప్పటికీ సాధారణంగా సాధ్యమే.

యంత్రంలో ఒకే ర్యామ్ పలక ఉంటే, ఖాళీగా ఉన్న రెండవ గాడిలో మరొకటి అమర్చడం వల్ల ఆటలకు కలిగే మేలు, ఓవర్‌క్లాకింగ్ వల్ల కలిగే దానికంటె తరచుగా ఎక్కువ. మన చల్క నేలల ఎర్రదుమ్ము ఫ్యాను రెక్కలకూ వేడిని మోసే రేకుల సందులకూ పట్టి, గాలిని ఆపుతుంది. ఏడాదికొకసారి తెలిసినవారిచేత విప్పించి, రెక్కలు తిరగకుండా పట్టుకొని మెత్తని కుంచెతో దులపాలి. పరుపు మీద, దుప్పటి మీద పెట్టి ఆడరాదు; గాలి పీల్చుకొనే రంధ్రాలు సాధారణంగా అడుగునే ఉంటవి. మధ్యాహ్నం ఆట రాత్రికి వాయిదా వేయడం మంచిది గాని, ఈ మాట పిల్లలకు రుచించదని తెలుసు. కనీసం బల్ల మీద పెట్టి, వెనుక అంచును వేలెడు ఎత్తు లేపవలెను. దానికి దుకాణాలలో అమ్మే స్టాండు కూడా అక్కరలేదు. రెండు సీసా మూతలు చాలును.