పాత పనిముట్ల మీది ముద్రలు - అవి చెప్పే సంగతులు

(సికింద్రాబాద్‌లో జరిగిన పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఆర్. బకాయిలు, మెడికల్ కార్డుల గురించి మాట్లాడుకునే వేదిక మీద పానాల సంగతేమిటని కొందరికి అనిపించవచ్చు. కానీ వర్క్‌షాపుల్లో, లోకో షెడ్లలో, మిలిటరీ వర్క్‌షాపుల్లో పనిచేసినవారి ఇళ్లలో అటక మీదో, మంచం కిందో ఒక ఇనుప పెట్టె ఉంటుంది. అందులో తండ్రిగారివో, తాతగారివో పానాలు, సుత్తులు, ఆకురాళ్లు ఉంటాయి. ఇల్లు మారేటప్పుడు ఆ పెట్టె పాత ఇనుము కింద తూకానికి పోతుంది. లేదా మనవడు ఒక పానా తీసి చూసి, "తాతయ్యా, దీని మీద సర్కారు ముద్ర ఉందేమిటి?" అని అడుగుతాడు. రెండు సందర్భాల్లోనూ మనకు కావలసిన సమాచారం చాలావరకు ఆ ఇనుము మీదే ఉంటుంది. దానిని చదవడం ఎలాగో తెలిసినంతలో మనవి చేస్తాను.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, అంటే 1939-45 మధ్య, బ్రిటిష్ లారీలతోపాటు అమెరికన్ జీపులు, ట్రక్కులు కూడా మన దేశానికి వచ్చాయి. వాటి మరమ్మతుకు కావలసిన పనిముట్లూ వచ్చాయి. మన కంటోన్మెంటు సంగతి మీకు తెలిసిందే. కవాడిగూడలోని ప్రాగా టూల్స్ కూడా ఆ యుద్ధకాలంలోనే, 1943లో ఏర్పడింది. యుద్ధం ముగిశాక మిగిలిన సామానును "డిస్పోజల్స్" పేరుతో ప్రభుత్వమే అమ్మింది. అలా సైన్యం పనిముట్లు బజారుకు, బజారు నుంచి మెకానిక్కుల చేతికి చేరాయి.

మొదట చూడవలసింది యజమాని ముద్ర. కాకి కాలు మాదిరి మూడు గీతల బాణం ఉంటే అది బ్రిటిష్ ప్రభుత్వ సొత్తు అని గుర్తు. పక్కన డబ్ల్యు.డి. అని ఉంటే వార్ డిపార్ట్‌మెంటు. కిరీటం కింద ఎ.ఎం. అని ఉంటే ఎయిర్ మినిస్ట్రీ, అంటే విమాన దళం సామాను. బాణంతోపాటు ఐ అక్షరం ఉంటే ఇండియా. సి అక్షరం లోపల బాణం ఉంటే కెనడా. రెండు డి అక్షరాల నడుమ బాణం ఉంటే ఆస్ట్రేలియా. అయితే బాణం ఒక్కటే చూసి యుద్ధకాలం నాటిదని తేల్చరాదు. ఆ గుర్తును యుద్ధానికి ముందూ, తరువాతా కూడా వాడారు. పక్కన 1942 అనో, 43 అనో సంవత్సరం ఉంటేనే నమ్మకంగా చెప్పగలం.

రెండవది కొలత ముద్ర. ఇక్కడే చాలామంది పొరబడతారు. పానా మీద 1/2 డబ్ల్యు అని ఉంటే, అది విట్‌వర్త్ కొలత. ఆ అంకె పానా నోటి వెడల్పు కాదు, బోల్టు కాడ మందం. నోటి వెడల్పు సుమారు 23.4 మిల్లీమీటర్లు ఉంటుంది. అదే 1/2 ఎ.ఎఫ్. అని ఉంటే అది అమెరికన్ పద్ధతి. ఆ అంకె నట్టు ఎదురెదురు ముఖాల మధ్య దూరం, అంటే 12.7 మిల్లీమీటర్లు. రెండింటి మీదా అరంగుళమనే ఉన్నా ఒకటి రెండవదానికి ఇంచుమించు రెట్టింపు!

కొన్ని పానాల మీద 7/16 డబ్ల్యు, 1/2 బి.ఎస్. అని ఒకే నోటికి రెండు కొలతలు కనిపిస్తాయి. సన్నమర బోల్టుల తలలు ఒక సైజు చిన్నవి కావడమే అందుకు కారణం. యుద్ధంలో ఉక్కు ఆదా కోసం మామూలు విట్‌వర్త్ బోల్టుల తలలనూ ఆ చిన్న సైజుకే తగ్గించారు. అందుకే పాత పానా తరువాతి బోల్టు మీద వదులుగా తిరుగుతుంది. సరిపోని పానాతో బలవంతం చేస్తే నట్టు మూలలు అరిగిపోతాయి, చెయ్యి జారి వేళ్లకు దెబ్బ తగులుతుంది. బ్రిటిష్, అమెరికన్ మరలు ఒకదానికొకటి పట్టక యుద్ధంలో పడిన ఇబ్బంది వల్లనే 1948లో బ్రిటన్, అమెరికా, కెనడా ఉమ్మడి మర కొలతకు ఒప్పుకున్నాయి. మన దేశంలో 1956 చట్టంతో మెట్రిక్ పద్ధతి వచ్చింది.

మూడవది తయారీదారు ముద్ర. బుల్‌డాగ్ బొమ్మ ఉంటే కింగ్ డిక్, నత్త బొమ్మ ఉంటే థామస్ స్మిత్ అండ్ సన్స్. ఇద్దరూ బర్మింగ్‌హామ్ వారే. యుద్ధంలో నికెల్, క్రోమియం ఆయుధాలకు అవసరమైనందున అప్పటి పానాలు చాలావరకు మెరుగు లేకుండా నల్లగా, గరుకుగా ఉంటాయి. మెరవడం లేదు గనుక నాసిరకమని పారేయకండి. లోపలి ఉక్కు మంచిదే.

ఇక మన రైల్వేవారికి దగ్గరి సంగతి. రైల్వే అక్షరాలు కాలాన్ని కూడా చెబుతాయి. ఎన్.జి.ఎస్.ఆర్. అని ఉంటే 1930కి ముందు, నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ నాటిది. 1893లో మొదలైన లాలాగూడ వర్క్‌షాపు ఆ కంపెనీదే. ఎన్.ఎస్.ఆర్. అని ఉంటే 1930 తరువాత, ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నాక వచ్చినది. 1951లో అది సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. అంటే ఎస్.సి.ఆర్. ముద్ర అంతకు ముందుది కాజాలదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ప్రభుత్వ ముద్ర కొట్టడమే దొంగతనం ఆపడానికి. ఇంగ్లండులో 17వ శతాబ్దం చివరికే బాణం గుర్తున్న సామాను అక్రమంగా ఉంచుకోవడం నేరం. మన దగ్గర 1966 నాటి రైల్వే ఆస్తి అక్రమ స్వాధీన చట్టం ఉంది. దొంగ సొత్తని సహేతుకమైన అనుమానం ఉన్న రైల్వే వస్తువు ఎవరి వద్దనైనా దొరికితే, అది సక్రమంగా వచ్చిందని నిరూపించుకోవలసిన బాధ్యత వారిదే. పెద్దాయన వేలంలో డబ్బు కట్టి కొన్నదే కావచ్చు. కానీ ఆయన పోయిన తరువాత ఆ మాట చెప్పేదెవరు? నలభై ఏళ్లు మచ్చలేకుండా పనిచేసిన మనిషి మీద ఒక పానా వల్ల మాట పడటం న్యాయమా?

సైన్యం అమ్మివేసిన సామాను మీద రెండు బాణాలు మొనకు మొన తాకేలా మరో ముద్ర కొట్టే ఆచారం ఉండేది. తుపాకుల మీద అది కనిపిస్తుంది. పానాల మీద అది లేనంత మాత్రాన దొంగ సొత్తు అనుకోరాదు. అలాగే, ముద్ర ఒక్కటే ఎవరి నిజాయితీకీ సాక్ష్యం కాదు. కాగితం కావాలి.

కాబట్టి నా మనవి మూడు మాటలు. ఒకటి, తుప్పు పోవాలని గ్రైండరు పెట్టకండి, ముద్రలూ పోతాయి. ఒక రాత్రి కిరసనాయిలులో నానబెట్టి, గుడ్డతో తుడిచి, సుద్దపొడి రుద్ది, టార్చిలైటు పక్కవాటుగా వేసి చూడండి, అక్షరాలు తేలతాయి. రెండు, ఏ పానా ఎక్కడిది, ఎవరు కొన్నారు, ఎప్పుడు కొన్నారు అనేది ఒక నోటుపుస్తకంలో రాసి, వేలం రసీదు, గేట్ పాసు ఉంటే దానికే అంటించండి. మూడు, ఆ పని పెద్దలు ఉండగానే, వారిని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. రేపు ఆ పెట్టెను పిల్లలు ఉంచుకున్నా, అమ్ముకున్నా తలెత్తుకుని ఆ పని చేయగలుగుతారు.