ఆయుధము పట్టని యోధుడు
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లుగా మన గ్రంథాలయమున పెక్కుమంది వీరుల చరిత్రలను చదివితిమి. వారందరును ఆయుధధారులే. నేడు వట్టిచేతులతో రణరంగమునకేగిన యొక వీరుని గూర్చి విన్నవించెదను. ఆయన పేరు డెస్మండ్ డాస్.

డాస్ 1919లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున, ఒక వడ్రంగి యింట జన్మించెను. నరహత్య మహాపాపమని చిన్ననాటనే మనసున నాటుకొనెను. రెండవ ప్రపంచ సంగ్రామకాలమున ఓడల నిర్మాణశాలలో పనిచేయుచుండెను గాన, సైన్యమునకు పోకుండుటకు వీలుండెను. అయినను 1942లో సైన్యమున చేరెను. క్షతగాత్రులకు సేవచేసెదనే కాని తుపాకి ముట్టననెను. తోడివారు పిరికివాడని గేలిచేసిరి. అధికారులు పంపివేయజూచిరి. ఆయన పట్టు విడువలేదు.

1945లో జపానుకు చెందిన ఒకినావా ద్వీపమున, మయేదా కొండచరియపై ఘోరయుద్ధము జరిగెను. గుండ్లవర్షమునకు తాళలేక అమెరికా సైనికులు క్రిందికి దిగిరి. గాయపడినవారు పైననే పడియుండిరి. డాస్ మాత్రము దిగిరాలేదు. ఒక్కొక్కరిని అంచునకు చేర్చి, త్రాటితో కట్టి క్రిందికి దించెను. రక్షింపబడినవారు 50 మందికి మించరని ఆయన చెప్పగా, తోడివారు 100 మంది యనిరి. తుదకు 75 అని వ్రాసికొనిరి. గేలిచేసిన దళమునకే ఆయన ప్రాణదాత యయ్యెను.

మే 21వ తేదీ రాత్రి చేతిబాంబు ప్రేలి ఆయన కాళ్లు గాయపడెను. స్ట్రెచరుపై మోసికొని పోవుచుండగా, తనకంటె దుస్థితిలోనున్న సైనికుని చూచి, దిగి, దానిని అతనికిప్పించెను. పిమ్మట తూటా తగిలి చేయి విరిగెను. అప్పుడు తుపాకి కఱ్ఱనే చేతికి కట్టుబద్దగా బిగించుకొని, 300 గజములు ప్రాకి చికిత్సాస్థానమును చేరెను. తుపాకి ఆయనకు ఉపయోగపడినది ఈ విధముగనే!

1945 అక్టోబరు 12న అధ్యక్షుడు ట్రూమన్ ఆయనకు మెడల్ ఆఫ్ ఆనర్ నొసగెను. అంతరాత్మ ప్రబోధముచే ఆయుధమును నిరాకరించినవారిలో ఆ పతకమును మొదట పొందినవాడు ఆయనయే. తరువాత క్షయవ్యాధి ఒక ఊపిరితిత్తిని హరించెను. 2006లో ఆయన కన్నుమూసెను.

సోదరులారా! ప్రతి యూరిలోను నలుగురితో కలిసి నడువని వాడొకడుండును. వానిని మనము తొందరపడి పిరికి యందుము, వెఱ్ఱి యందుము. ఆపదవేళ మన త్రాడు పట్టుకొని నిలుచువాడు వాడే కావచ్చును. అందుచే, మనిషిని నిందించుటకు ముందు కొంత తాళుదము. మంచి పుస్తకములు నేర్పు సంస్కారమిదియే.