డాక్టరు గారి చెవి



కిరండూల్‌లో, బైలదిల్లా ఇనుప గనుల కొండ మీద క్రషర్ దగ్గరో, కన్వేయర్ బెల్టు పక్కనో ఏళ్ల తరబడి పనిచేసిన పాతకాపు మెకానిక్‌ను గమనించండి. బేరింగులో ఏదో తేడా ఉందని అనుమానం రాగానే పొడుగాటి స్క్రూడ్రైవర్ అందుకుంటాడు. దాని కొన బేరింగు పెట్టె మీద ఆనించి, పిడిని చెవికి చేరుస్తాడు. చుట్టూ చెవులు చిల్లులు పడేంత రొద. ఆ రొదలోంచి తనకు కావలసిన గరగర ఒక్కటే ఏరుకుని, ఇది ఎన్నాళ్లు నడుస్తుందో, ఎప్పుడు మార్చాలో తేల్చి చెప్పేస్తాడు. అదే మనిషిని సాయంత్రం శాస్త్రీయ సంగీత కచేరీకి రమ్మంటే మాత్రం, "అబ్బే, అవన్నీ మనకెక్కడ అర్థమవుతాయండీ" అని తప్పుకుంటాడు. ఈ ప్రసంగం అలా తప్పుకునేవాళ్ల కోసమే.

ఆ మెకానిక్ చేసిన పనినే 1816లో పారిస్‌లోని నెకర్ ఆస్పత్రిలో రెనే లెనెక్ అనే డాక్టరు చేశాడు. గుండెజబ్బుతో వచ్చిన యువతి ఛాతీ మీద నేరుగా చెవి ఆనించడానికి మొహమాటపడి, కాగితాలను గొట్టంలా చుట్టి, ఒక కొస ఆమె గుండె దగ్గర, రెండో కొస తన చెవి దగ్గర పెట్టుకున్నాడు. చెవి ఆనించి విన్నప్పటికన్నా చప్పుడు స్పష్టంగా వినిపించింది. తర్వాత చెక్క గొట్టాలను లేత్ మీద తానే తయారు చేసుకున్నాడు. స్టెతస్కోపు అలా పుట్టింది. లెనెక్ ఫ్లూటు వాయించేవాడు. అంతకు ముందే, 1761లో, ఔయెన్‌బ్రుగ్గర్ అనే వియన్నా డాక్టరు రోగి ఛాతీ మీద వేళ్లతో తట్టి, మోతలో తేడాను బట్టి లోపలి జబ్బును పసిగట్టవచ్చని పుస్తకం రాశాడు. ఆయన తండ్రి పూటకూళ్ల ఇల్లు నడిపేవాడు. పీపాలో ద్రాక్షసారా ఎంతవరకు ఉందో తట్టి చూడడం చిన్నప్పుడే తండ్రి దగ్గర చూశాడని చెబుతారు. ఈ డాక్టరే 1781లో సాలియెరీ స్వరపరచిన ఒక ఒపేరాకు మాటలు కూడా రాసిపెట్టాడు.

మన తెలుగువాళ్లలో అలాంటి డాక్టరు శ్రీపాద పినాకపాణి.

1913లో ఇప్పటి శ్రీకాకుళం జిల్లా ప్రియ అగ్రహారంలో పుట్టారు. కిరండూల్ నుంచి ఇనుప రాయి దిగే విశాఖపట్నంలోనే, ఆంధ్ర వైద్య కళాశాలలో డాక్టరీ చదివారు. 1945లో ఎం.డి. అయ్యారు. కర్నూలు వైద్య కళాశాలలో ప్రొఫెసరుగా ఎందరో డాక్టర్లను తయారు చేశారు. ఇదంతా ఒక జీవితం. రెండో జీవితంలో ఆయన సంగీత విద్వాంసులు నేదునూరి కృష్ణమూర్తికి, వోలేటి వెంకటేశ్వర్లుకు, నూకల చిన సత్యనారాయణకు, శ్రీరంగం గోపాలరత్నానికి గురువు. 1983లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదునిచ్చింది, మరుసటి ఏడు పద్మభూషణ్ వచ్చింది. 2013లో, నూరేళ్లకు కొద్ది నెలలు తక్కువలో, కర్నూలులో కన్నుమూశారు.

డాక్టరీ వల్లే ఆయనకు సంగీతం అబ్బిందంటే అది అతి. చిన్నతనంలోనే రాజమహేంద్రవరంలో బి.ఎస్. లక్ష్మణరావు దగ్గర నేర్చుకున్నారు, మద్రాసులో పెద్ద విద్వాంసుల కచేరీలు విని తంజావూరు బాణీని పట్టుకున్నారు. బాగా పాడలేని డాక్టర్లూ మనకు తక్కువేమీ లేరు. కానీ సంగీతాన్ని ఆయన పట్టుకున్న తీరులో, పంచిపెట్టిన తీరులో వైద్యుడి అలవాటు కనిపిస్తుంది. అసలు సంగతి అక్కడుంది.

రోగి వచ్చి ఒంట్లో బాగోలేదంటే డాక్టరు అక్కడితో ఆగడు. ఎక్కడ, ఎప్పటి నుంచి, ఎలాంటి నొప్పి అని విడమరిచి అడిగి కేసు షీటులో రాసుకుంటాడు. పాటను పినాకపాణి అలాగే విడదీశారు. విద్వాంసుడు ఒక సంగతి వేస్తే, అంటే పాట పంక్తిని కొత్తగా తిప్పి పాడితే, మనం ఆహా అంటాం. అందులో ఏ స్వరం నుంచి ఏ స్వరానికి జారింది, మధ్యలో దేన్ని తాకింది, ఎంతసేపు ఊగింది అన్నది ఆయన ప్రశ్న. దొరికిన జవాబును స్వరలిపిలో రాసిపెట్టారు. తిరుమల తిరుపతి దేవస్థానం నాలుగు సంపుటాలుగా అచ్చువేసిన "సంగీత సౌరభం" అలా తయారైంది. వందల కొద్దీ కృతులు, గమకాలతో, అంటే స్వరాల ఊపులూ జారులతో సహా అందులో ఉన్నాయి.

ఇలా రాయడం ఎందుకంత కష్టమో తెలియాలంటే తోడి రాగంలో గాంధారం వినాలి. కాగితం మీద అది ఒక్క అక్షరం, "గ". హార్మోనియం మీద ఒక్క మెట్టు. గొంతులో మాత్రం అది ఒక్కచోట నిలవదు. కింద రిషభం వైపు దిగి, పైన మధ్యమం దాకా ఊగి వస్తుంది. ఆ ఊపు తీసేస్తే తోడి తోడిగా ఉండదు. అదే మెట్టు మీది గాంధారం హిందోళంలో కొద్దిపాటి కదలికతో, చాలావరకు నిలకడగా ఉంటుంది. హార్మోనియం ఈ ఊపు పలికించలేదనే వాదన అప్పట్లో ఎంత బలంగా ఉండేదంటే, 1940లో ఆకాశవాణి ఆ వాద్యాన్ని ఏకంగా గుమ్మం బయట నిలబెట్టింది. మూడు దశాబ్దాలు దానికి రేడియోలో చోటు లేదు. తీర్పు మరీ కఠినమే గానీ, ఫిర్యాదులో నిజం లేకపోలేదు.

పాటను కాగితం మీద పెట్టాలన్న తపన ఉన్న ఉద్యోగస్తుడు పినాకపాణికి ముందూ ఒకరున్నారు. మద్రాసు సెక్రటేరియట్‌లో సూపరింటెండెంటుగా పనిచేసిన చిన్నస్వామి ముదలియార్. మన కృతులను పాశ్చాత్య స్వరలిపిలోకి ఎక్కించి 1890లలో అచ్చువేయించారు. విద్వాంసుడు సుబ్బరామ దీక్షితార్ దగ్గర ఉన్న విద్యను ఎలాగైనా గ్రంథస్థం చేయించాలని పట్టుబట్టిందీ ఆయనే. ఫలితం 1904లో ఎట్టయపురంలో అచ్చైన "సంగీత సంప్రదాయ ప్రదర్శిని". తమిళదేశంలో తెలుగు లిపిలో వెలువడిన ఆ గ్రంథంలో గమకాలకు విడివిడిగా గుర్తులున్నాయి. ఫైళ్ల మధ్య బతికిన మనిషికే తోచే ఆలోచన ఇది: రికార్డు లేకపోతే రేపు ఎవరిని అడుగుతాం?

అయితే పినాకపాణి రాతతో ఆగలేదు. వైద్య కళాశాలలో పుస్తకం ఎంత చదివినా, రోగి మంచం పక్కన నిలబడి ప్రొఫెసరు చూపించింది చూసి, తాను చేసి చూపించి, చీవాట్లు తిన్నాకే విద్యార్థి డాక్టరవుతాడు. సంగీత పాఠమూ ఎదురుగా కూర్చోబెట్టే చెప్పేవారు. గురువు పాడాలి, శిష్యుడు అనాలి, తేడా వస్తే మళ్లీ అనాలి. స్వరలిపి జ్ఞాపకానికి ఆసరా మాత్రమే. పుస్తకం మాత్రమే చూసి పాడినవాళ్ల పాట ఎలా ఉంటుందో విన్నవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

ఇంకో సంగతి డబ్బుది. జీతం ఆస్పత్రిలో వచ్చేది కాబట్టి కచేరీ సంభావనల కోసం చూసుకోవలసిన అవసరం లేదు. శిష్యుల దగ్గర ఫీజు పుచ్చుకోలేదు. సభల రుచిని బట్టి పాటను మార్చుకోవలసిన పనీ పడలేదు. వేదిక మీద ఆయన పేరు శిష్యుల పేర్లంత మోగకపోవడానికీ ఇదో కారణం కావచ్చు.

ఆయన పేరు విననివాళ్లు కూడా ఆయన ఇంటి పాట వినే ఉంటారు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన అన్నమయ్య కీర్తన "నానాటి బదుకు" తెలియని తెలుగిల్లు అరుదు. రేవతి రాగంలో ఆ వరుస కట్టింది నేదునూరి కృష్ణమూర్తి. వోలేటి విజయవాడ రేడియో కేంద్రంలో పనిచేస్తూ "సంగీత శిక్షణ" కార్యక్రమం నడిపారు. డాక్టరు గారు శిష్యుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి చెప్పిన పాఠం, ఆ శిష్యుడి గొంతులో ఇలా ఇల్లిల్లూ తిరిగింది.

ఇక వినడం సంగతి. అన్నీ ఒకేసారి పట్టుకోవాలని చూడకండి. రాగాల పేర్లు, తాళం లెక్క, సాహిత్యం అర్థం ప్రస్తుతానికి పక్కన పెట్టండి. నేదునూరిదో వోలేటిదో తోడి ఆలాపన ఒకటి సంపాదించి, ఐదు నిమిషాలు గాంధారం ఒక్కదాన్నే వెంటాడండి. రొదలోంచి బేరింగు గరగరను ఏరుకునే చెవికి ఇదేమంత కష్టం కాదు. అది పట్టుబడ్డాక ఇద్దరివీ ఒకదాని తర్వాత ఒకటి వినండి. ఒకే గురువు దగ్గర నేర్చిన ఇద్దరూ ఎక్కడ కలుస్తున్నారు, ఎక్కడ ఎవరి దారి వారిదవుతోంది అన్నది రెండో విడతలో తెలుస్తుంది. టౌన్‌షిప్‌లో పిల్లలకు సంగీతం చెప్పే టీచరు ఎవరైనా ఉంటే, హిందోళంలో గాంధారం ఒకసారి, తోడిలో గాంధారం ఒకసారి పాడి చూపించమని అడగండి. ఆ రెంటినీ ఇంట్లో పిల్లల కీబోర్డు మీద వాయించమనండి. వేలు ఒకే మెట్టు మీద పడుతుంది, గొంతు మాత్రం రెండు రకాలుగా పలుకుతుంది.