తప్పును దాచని ప్రాస



సాహిత్యంలో పట్టా అందుకుంటున్న పిల్లలారా, మీకు ఒక పద్యం గురించి చెప్పాలని వచ్చాను. 1854 అక్టోబరు 25న, క్రిమియా యుద్ధంలో, బాలక్లావా దగ్గర ఆరు వందల మందికి పైగా బ్రిటిష్ ఆశ్వికులు నేరుగా రష్యా ఫిరంగుల మీదికి గుర్రాలు ఉరికించారు. పై నుంచి వచ్చిన ఆజ్ఞలోనే ఏదో పొరపాటు జరిగింది. పత్రికలో ఆ వార్త చదివిన ఆస్థానకవి టెన్నిసన్, డిసెంబరులో ‘ది ఛార్జ్ ఆఫ్ ది లైట్ బ్రిగేడ్’ రాశాడు.

మా మాస్టారు దానికి అర్థం చెప్పకముందే డస్టరుతో బల్ల మీద కొట్టి వినిపించారు. ఒక గట్టి దెబ్బ, రెండు తేలిక దెబ్బలు. మళ్లీ అదే. కాసేపటికి తరగతి గదిలో గుర్రం పరుగెత్తింది. ఇంగ్లీషువాళ్లు దాన్ని డాక్టిల్ అంటారు. మనకది భగణం: గురువు, రెండు లఘువులు. మన లెక్క మాత్రలది, వాళ్లది ఊనికది. అయినా చెవి ఆ చుట్టరికాన్ని ఇట్టే పసిగడుతుంది. పాదానికి రెండేసి గణాలు, చాలాచోట్ల రెండోది ఒక లఘువు తగ్గి ముగుస్తుంది. ఆగి ఆలోచించే వ్యవధి ఆ సైనికుడికీ లేదు, వినేవాడికీ లేదు.

ఇక ప్రాస. మనకు పాదంలో రెండో అక్షరం, వాళ్లకు పాదం చివర. ఆ పద్యంలో ఆరు చరణాలూ ‘హండ్రెడ్’ అన్న మాట మీదే ముగుస్తాయి. రెండో చరణంలో దానికి జోడీగా వచ్చిన మాట ‘బ్లండర్డ్’. ఎవరో తప్పు చేశారని. నడక శౌర్యాన్ని కీర్తిస్తూ పోతుంటే, ప్రాస మాత్రం వెళ్లినవాళ్ల సంఖ్యనూ పంపినవాళ్ల తప్పునూ ఒకే ధ్వనితో ముడివేసింది. దేశభక్తి కవిత్వంలో ఇంత నిజాయితీ గల ముడి నేను మరొకటి చూడలేదు. రేపు మీలో ఎవరైనా ఈ పద్యం పాఠం చెబితే, ఆ మాట దగ్గర గొంతు తగ్గించకండి.

1855లో పుస్తకంగా వేసినప్పుడు టెన్నిసన్ ‘బ్లండర్డ్’ ఉన్న ఆ పాదాన్ని తీసేశాడు. అంతలో, అదే యుద్ధంలో సెవస్తపోల్ ముట్టడిలో ఉన్న బ్రిటిష్ సైనికులు ఆ పద్యాన్ని ఇష్టపడుతున్నారని కబురు వచ్చింది. ఆగస్టులో వాళ్ల కోసం వెయ్యి ప్రతులు అచ్చు వేయించాడు. ఇంట్లో కూర్చుని చదివేవాళ్ల పుస్తకంలో లేని ఆ పాదం, ఫిరంగుల ఎదుట ఉన్నవాళ్లకు పంపిన కాగితంలో మళ్లీ ఉంది.