ఇంటి మరుగుదొడ్డి: శుభ్రత, క్రిమిసంహారము



వంటయింటి శుభ్రతనుగూర్చి, పెరటి శుభ్రతనుగూర్చి చెప్పువారు పెక్కురు గలరు. మరుగుదొడ్డి మాట వచ్చునప్పటికి ముక్కు మూసికొని మాట దాటవేయుట పరిపాటి. అందుచేతనే ఈ ప్రసంగము ఆ ఒక్క గదికే పరిమితము.

1854లో లండను నగరమున జాన్ స్నో అను వైద్యుడు కలరా చెడుగాలివలన గాక త్రాగునీటివలన వ్యాపించుచున్నదని చూపెను. 1884లో జర్మను శాస్త్రజ్ఞుడు రాబర్టు కాక్ కలకత్తాకు వచ్చి, రోగుల ప్రేవులలోను ఒక చెరువు నీటిలోను ఆ క్రిమిని కనిపెట్టెను. కలరాయే కాదు, టైఫాయిడు, రక్తవిరేచనములు, కొన్ని రకముల కామెర్లు, ఏలికపాములు, ఇవన్నియు మలమునుండి నోటికి ప్రయాణము చేయునవే. ఈగ, నీరు, మానవుని చేయి వాని వాహనములు.

ఈ ప్రయాణమును ఆపుటకై చాలమంది ఫినాయిలు కొని తెచ్చి చల్లుదురు. గది ఘాటుగా వాసన వేసిన చాలునని తృప్తి చెందుదురు. కలరా ఉండలు వ్రేలాడదీసి నిశ్చింతగా నుండువారును గలరు. ఆ ఉండలు ఒక వాసనను మరియొక వాసనతో కప్పునే గాని శుభ్రపరచవు. మురికిపై బ్లీచింగు పొడి చల్లుటయు నట్టిదే. ఆ పొడిలోని క్లోరిను మొదట మలినముతోనే కలిసి ఖర్చయిపోవును. క్రిములదాక చేరునది స్వల్పము. కనుక తోముట ముందు, మందు తరువాత. ఈ క్రమము తప్పినచో వెచ్చించిన డబ్బు నీటిపాలే.

తోముటలోను ఒక వరుస గలదు. తక్కువ మురికి గలచోట మొదలుపెట్టి ఎక్కువ మురికి గలచోట ముగింపవలెను. ముందుగా తలుపు గడియ, కుళాయి పిడి, చెంబు లేక మగ్గు చెవి. వీనిని తోమవలెనని ఎవరికిని తోచదు! ఇంటిల్లిపాది చేతులును, కడుగుకొనకముందే, వానినే తాకును. పిమ్మట గోడ అడుగుభాగము, నేల, పాదములు మోపు దిమ్మెలు, కట్టకడపట బేసిను. సబ్బునీటితో తోమి, నీళ్లు బాగుగా పోసి కడిగిన మీదటనే మందు వంతు.

బ్లీచింగు పొడికి 1799లో గ్లాస్గోవాసి చార్లెసు టెన్నెంటు పేటెంటు పొందెను. బట్టలను తెల్లపరచుటకై పుట్టిన ఈ వస్తువే తరువాత రోగనివారణమునకు అక్కరకు వచ్చినది. 1847లో వియన్నా ప్రసూతి ఆసుపత్రియందు సెమ్మెల్వైసు అను వైద్యుడు క్లోరిను కలిసిన సున్నపు నీటితో వైద్యులచేత చేతులు కడిగింపగా బాలింతల మరణములు ఎంతయో తగ్గెను. మంచి పొడిలో నూటికి 33 పాళ్లు పనిచేయు క్లోరిను ఉండును. చెమ్మ, ఎండ, గాలి సోకినకొలది అది తరిగిపోవును. ఉండకట్టి, ఘాటు తగ్గిన పొడి చవకగా వచ్చినను కొనుట దండుగ. లీటరు నీటికి 15 గ్రాములు, అనగా రమారమి ఒక పెద్ద చెంచాడు, ప్లాస్టికు బక్కెటులో కలిపి, పిండి అడుగునకు దిగిన పిదప పైతేట తీసికొనవలెను. ఇనుప పాత్ర తుప్పు పట్టును. ఆ తేటను పోసి పది నిమిషములు ఆగి కడుగవలెను. ఏ పూటకు కావలసినది ఆ పూటనే కలుపుకొనవలెను. ఇంట ఎవరికేని విరేచనములు పట్టుకొన్న రోజులలో ఈ పని నిత్యము జరుగవలెను.

ఇక ప్రాణముతో ముడిపడిన మాట. ఉప్పునీటి బోరులున్న ఊళ్లలో బేసినుకు పసుపుపచ్చని గార పట్టును. దానిని వదలించుటకు ఆసిడు వాడుదురు. ఆసిడు గారను కరగించును. దానితోపాటు సిమెంటును, పాలరాతిని గూడ తినును. గార పలుచనిదైనచో నిమ్మ ఉప్పు నీటిని రాత్రి పోసి ఉదయము తోమినను వదలును. ఆసిడే వాడుదురు గాక! కాని ఆసిడు పోసినచోట బ్లీచింగు పొడి పడరాదు. రెండును కలిసినంతనే క్లోరిను వాయువు వెలువడును. 1915 ఏప్రిల్ 22న బెల్జియములోని ఈప్ర్ పట్టణమువద్ద జర్మను సేనలు శత్రువులపైకి వదలినది ఆ వాయువే. అది గాలికంటె బరువైనది, నేలబారుగా నిలుచును. చిన్న గదిలో వంగి తోముచున్నవారి ముఖము సరిగా అక్కడనే యుండును. అంగడిలో సీసాలలో అమ్ము మరుగుదొడ్డి ద్రావకములలో పెక్కింట ఈ ఆసిడే గలదు. ఒకనాడు ఒకటి, మరియొకనాడు మరొకటి వాడుటయే క్షేమము. నిలువయున్న మూత్రముపై బ్లీచింగు పడినను ఊపిరికి చెరుపుచేయు ఆవిరి పుట్టును. కనుకనే ముందు నీళ్లు పోయుట. పొరపాటున ఘాటు లేచినచో తలుపు తెరచి తక్షణము బయటికి పోవలెను. దగ్గు, ఆయాసము ఆగనిచో వైద్యుని చూడవలెను.

బక్కెట్లకొలది మందు గుంటలోనికి పోయుటయు తగదు. సెప్టికు ట్యాంకులోగాని గుంటలోగాని మలమును కుళ్లింపజేయునవియు క్రిములే. అవి చచ్చినచో గుంట పనిచేయదు. జంటగుంటల పద్ధతిలో నిండిన గుంటను మూసి రెండేండ్లు విడిచినచో అది నిరపాయమైన ఎరువగును. ట్యాంకులోనికి మాత్రము ఏ మనిషియు దిగరాదు. అందలి విషవాయువులవలన ఒకరి వెనుక ఒకరు, కాపాడబోయినవారు సైతము, ప్రాణములు కోల్పోయిన ఉదంతములు దేశమున ఎన్నియో. రక్షణలేక మనుష్యులను అట్లు దింపుటను 2013 నాటి చట్టము నేరముగా పరిగణించినది. యంత్రమును పిలుచుటయే మార్గము. కూలికి వచ్చినవాడు ఒప్పుకొనెననుట సమాధానము కానేరదు.

ఇంతకును ఇంటిలో ఈ పని ఎవరిది? పెక్కు ఇండ్లలో కోడలిది, లేనిచో ఒక కులమువారిది అని తలతురు. 1901 కలకత్తా కాంగ్రెసు సభలకు వెళ్లిన గాంధీ, పాయిఖానాలు దుర్భరముగా నుండుట చూచి స్వచ్ఛంద సేవకులకు చెప్పగా, అది తమ పని కాదని వారనిరట. ఆయన చీపురు తెప్పించుకొని తాను వాడినదానిని తానే శుభ్రపరచుకొనెను. వాడినవారే కడుగుట అన్నది ఇంటి యజమానికిని వర్తించును. వారమునకొక రోజు ఆయనయు, తక్కిన దినములలో పెద్దలందరును వంతులవారీగా చేసికొనవచ్చును. సబ్బునీటితో తోముట పదేండ్లు దాటిన పిల్లలును నేర్వదగినదే. ఆసిడు సీసా, బ్లీచింగు డబ్బా మాత్రము వారికందని వేర్వేరు అలమారులలో ఉంచవలెను. ఆసిడును త్రాగునీటి సీసాలో ఎన్నడును పోసి ఉంచరాదు.