క్యాను కొంటున్నాం సరే, మన కుళాయి ఏమైంది?

(గుంటూరు, ప్రకాశం జిల్లాల ఆదివాసీ యువత సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. డిగ్రీ చదివేటప్పుడు రెండేళ్ళు నేను ఒక వాటర్ ప్లాంటులో పనిచేశా. పొద్దున్నే ఆటోలో క్యాన్లు ఎక్కించి, ఊరంతా వేసొచ్చి, కాలేజీ బస్సు ఎక్కేవాణ్ణి. నా ఫీజు కట్టింది ఆ డబ్బులే. కాబట్టి క్యాను నీళ్ళు తాగేవాళ్ళని తిట్టడానికి నేను నిలబడలేదు. ఆ షెడ్డులో చూసింది చెప్పడానికి నిలబడ్డా.

బోరు నీళ్ళు ఆర్‌ఓ మిషన్‌లోకి వెళ్తాయి. అందులో ఒక పల్చటి పొర ఉంటుంది. మోటారు గట్టిగా నెడితే నీళ్ళు ఆ పొర దాటి వస్తాయి, ఉప్పులు, ఫ్లోరైడు ఆగిపోతాయి. మరి ఆగిపోయిన ఉప్పు ఎటు పోవాలి? ఇంకో పైపులోంచి బయటికి పోతుంది. చాలా మిషన్లలో లోపలికి వెళ్ళిన నీళ్ళలో సగం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ, ఇలా పారబోసే నీళ్ళే. అంటే ఒక క్యాను నిండాలంటే ఇంకో క్యానుడు నీళ్ళు నేలపాలు. అవి మామూలు నీళ్ళు కూడా కావు, ఉప్పు, ఫ్లోరైడు చిక్కబడిన నీళ్ళు.

మా ప్లాంటు వెనక పైపు ఒక కాలవలో పడేది. ఆ కాలవ మా యానాది కాలనీ పక్కనున్న గుంటలోకి వచ్చేది. మా అమ్మ గిన్నెలు తోముకునే గుంట అది. పొద్దున నేను ఊళ్ళోకి మంచినీళ్ళు మోసేవాణ్ణి, వాటి కసరంతా సాయంత్రానికి మా ఇంటి ముందు చేరేది. ఇది నా బుర్రకెక్కడానికి ఏడాది పట్టింది.

"అయితే క్యాను నీళ్ళు మానేయమంటావా అన్నా?" అని మీరు అడగొచ్చు. అనను. ఎందుకంటే మన నేల సంగతి నాకు తెలుసు. మన దేశంలో తాగేనీళ్ళ ఫ్లోరైడ్ జబ్బుని మొదటిసారి నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు ఆ జిల్లాలోవే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడ్డాక ఇటు వచ్చాయి. ఇది ఫ్యాక్టరీ పోసిన విషం కాదు, రాతిలోంచే నీళ్ళలోకి దిగుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 వరకు అని మన ప్రమాణం. అది దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే పళ్ళు గారపడతాయి, తర్వాత ఎముకలు వంగిపోతాయి. కాచి తాగినా ఫ్లోరైడు పోదు, నీళ్ళు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. అలాంటి ఊళ్ళో తల్లి తన బిడ్డకి క్యాను కొంటే అది సోకు కాదు, భయం. నా కోపం ఆ తల్లి మీద కాదు. 1937లో తెలిసిన జబ్బుకి ఇన్నేళ్ళ తర్వాత కూడా క్యానే మందు కావడం మీద.

ఒక లెక్క వేద్దాం. ఐదుగురున్న ఇంటికి రోజుకి ఒక క్యాను, 20 లీటర్లు. క్యాను 10 రూపాయలైతే ఏడాదికి 3,650. 20 రూపాయలైతే 7,300. రోజు కూలి 350 అనుకుంటే, పది నుంచి ఇరవై రోజులు మనం ఎండలో మిరపకాయలు కోసేది ఉత్త నీళ్ళ కోసమే. 2014లో ఎన్టీఆర్ సుజల స్రవంతి అని 20 లీటర్లు 2 రూపాయలకే ఇస్తామన్నారు. ఆ పథకం మీ ఊరికి వచ్చిందా, వస్తే ఇప్పుడు నడుస్తోందా? మీరే చూసి చెప్పండి.

ఇక చేను దగ్గరికి వద్దాం. కోతల కాలంలో మార్కాపురం, యర్రగొండపాలెం వైపు నుంచి మనవాళ్ళు పిల్లల్ని వెంటేసుకుని గుంటూరు వైపు వలస వస్తారు. గట్టు మీద పట్టాలు కట్టుకుని ఉంటారు. క్యాను వచ్చిన రోజు క్యాను నీళ్ళు, రాని రోజు కాలవ నీళ్ళు. పట్టుకోవడానికి ఏమీ లేక, ఖాళీ అయిన పురుగుమందు డబ్బా కడిగి దాంట్లో నీళ్ళు పోసుకున్నవాళ్ళని నేను చూశా. ఎంత కడిగినా మందు డబ్బా మందు డబ్బానే. దయచేసి ఎవరూ ఆ పని చేయొద్దు, చేయనివ్వొద్దు.

సీసా నీళ్ళంటే పూర్తిగా శుభ్రం అనుకోకండి. 2003లో ఢిల్లీలోని సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సెంటర్ పేరున్న కంపెనీల సీసాల్లోనే పురుగుమందుల అవశేషాలు చూపించింది. 2024లో అమెరికా శాస్త్రవేత్తలు అక్కడి సీసా నీళ్ళు పరీక్షిస్తే లీటరుకు సగటున 2 లక్షల 40 వేల ప్లాస్టిక్ రేణువులు కనబడ్డాయి. అదే ఏడాది మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ సీసా నీళ్ళని ప్రమాదం ఎక్కువున్న ఆహారాల జాబితాలో చేర్చింది. మా ప్లాంటు క్యాను మీద సీలు లేదు, తేదీ లేదు, లైసెన్సు నంబరు లేదు. పాచి పట్టిన క్యానుని గబగబా ఒకసారి కడిగి నింపినవాణ్ణి నేనే.

ఇంతకంటే పెద్ద నష్టం ఒకటుంది. క్యాను వచ్చాక ఊళ్ళో పెద్దరైతుకి, టీచరుకి, సర్పంచికి కుళాయితో పని లేకుండా పోయింది. వాళ్ళు అడగడం మానేశారు. డబ్బున్నోళ్ళు అడగని పని పంచాయతీ ఎందుకు చేస్తుంది? పైపు ఊరి దాకా వచ్చి మన కాలనీ ముందే ఆగిపోతే, అడిగేవాళ్ళు మనమొక్కళ్ళమే మిగిలాం. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకి 55 లీటర్లు ఇంటి కుళాయిలో ఇస్తానంది. శుభ్రమైన నీళ్ళు జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. పశ్చిమ ప్రకాశానికి కృష్ణా నీళ్ళు తెచ్చే వెలిగొండకి 1996లో శంకుస్థాపన చేశారు, సొరంగాలు ప్రారంభించింది 2024లో. అడిగే గొంతు ఆగితే పని ఎంత సాగుతుందో ఇంకా వేరే చెప్పాలా?

"మనది షెడ్యూల్డ్ ఏరియా కాదు, పెసా చట్టం లేదు, మన చేతుల్లో ఏముంది" అంటారు కొందరు. కేరళలో కూడా షెడ్యూల్డ్ ఏరియా లేదు. అయినా పాలక్కాడ్ జిల్లా ప్లాచిమడలో కోకాకోలా ఫ్యాక్టరీ పెట్టాక తమ బావుల నీళ్ళు పాడయ్యాయని అక్కడి ఆదివాసీలు 2002 ఏప్రిల్‌లో ఫ్యాక్టరీ ముందు కూర్చున్నారు. ముందు నిలబడింది మైలమ్మ అనే ఆదివాసీ ఆడమనిషి. మామూలు పంచాయతీయే లైసెన్సు ఇవ్వనంది. 2004 మార్చిలో ఫ్యాక్టరీ ఆగింది. ఆమె దగ్గర డిగ్రీ లేదు. మన దగ్గర డిగ్రీ ఉంది, ఫోను ఉంది.

కాబట్టి నాలుగు పనులు. ఒకటి, మీ కాలనీ బోరు నీళ్ళ పరీక్ష ఫలితం పంచాయతీని రాతపూర్వకంగా అడగండి, చేయకపోతే చేయించమనండి. రెండు, ఊళ్ళో ప్లాంటు లైసెన్సు నంబరు, బోరు అనుమతి అడగండి. బోర్లకి 2002 నుంచి వాల్టా చట్టం ఉంది. వెనక పైపు ఎక్కడ పడుతోందో ఫోటో తీయండి. మూడు, కోతలకి మేస్త్రితో కూలి మాట్లాడేటప్పుడే నీళ్ళ మాట కూడా మాట్లాడండి: మంచినీళ్ళు, మూతున్న డ్రమ్ము, రోజూ. నాలుగు, గ్రామసభలో కుళాయి మాట ఎత్తండి, అది తీర్మానంలో రాసేదాకా లేవకండి.

మా అమ్మ ఆ గుంట దగ్గర గిన్నెలు తోమడం మానేసింది. నేను చెప్పాకే మానేసింది. చెప్పడానికి నేను ఏడాది ఆలస్యం చేశా. మీరు చేయకండి. ఈ రోజు ఇంటికి వెళ్ళగానే మీ ఊరి ప్లాంటు వెనక్కి వెళ్ళి, ఆ పైపు ఎటు పోతోందో చూడండి.

జోహార్.